పాటచీటీ శాస్త్రం

1. అనుబంధ చతుష్టయం

విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి అనే నాలుగూ నిరూపించకుండా శాస్త్రారంభం చేయరాదని పూర్వాచార్యుల కట్టడి. వారి కాలంలో కీబోర్డు లేదు గానీ కట్టడి నేటికీ చెల్లుబాటులో ఉంది కనుక దానికి లోబడే ఉపక్రమిస్తున్నాం.

విశాఖపట్నంలో శనివారం రాత్రి ఏడున్నర దాటిన పిమ్మట, పేటలోని బార్‌లో ఊరి కుర్రాళ్ల బృందం ఒక కీబోర్డు, ఒక రిథమ్ ప్యాడు, రెండు గిటార్లు, ఒక మేల్ సింగర్, ఒక ఫీమేల్ సింగర్ అనే షడంగాలతో కొలువుతీరగా, శ్రోత తన కుర్చీని గానీ గ్లాసును గానీ విడవకుండా, తనకు కావలసిన పాటను కాగితపు ముక్క మీద రాసి పంపే విద్య ఈ శాస్త్రానికి విషయం. ప్రయోజనం ద్వివిధం: దృష్టం, అదృష్టం. పాట వినబడటం దృష్టప్రయోజనం. పాటకు ముందు తన పేరు మైకులో వినబడటం అదృష్టప్రయోజనం. వీటిలో ఏది ప్రధానం, ఏది అంగం అన్న వివాదం వల్లనే ఈ శాస్త్రం ఇన్ని శాఖలుగా చీలింది. చీటీకీ పాటకూ ఉన్నది కార్యకారణ సంబంధమని కొందరు, కాకతాళీయమని కొందరు. బృందంలోని వారు మాత్రం ఆ పాట ఎలాగూ లిస్టులో ఉందని అంటారు, కానీ వారు ఈ విషయంలో వాదులే గానీ ప్రమాణం కారు.

ఇక అధికారి. ఒక పెగ్గుకు లోబడినవాడికి చీటీ రాసే ధైర్యం పుట్టదు. నాలుగు దాటినవాడికి రాసిన అక్షరం నిలబడదు. ధైర్యమూ అక్షరమూ ఒకే కప్పు కింద కాపురం చేసే నడిమి అరగంటలో ఎవడు సర్వర్‌ను పిలిచి పెన్ను అడుగుతాడో వాడే అధికారి. బొత్తిగా ముట్టనివాడికి అధికారం ఉందా అన్న పూర్వపక్షానికి సమాధానం సులభం. స్నేహితుల బలవంతాన వచ్చి, సోడాతోనూ వేయించిన పల్లీలతోనూ కాలక్షేపం చేసే సాత్వికుడు ప్రతి టేబుల్‌కూ ఒకడుంటాడు. అతడికి కర్తృత్వం లేదు, లేఖకత్వం ఉంది. వ్యాసుడికి వినాయకుడు దొరికినట్టు టేబుల్‌కు అతడు దొరుకుతాడు. అర్థం తెలియనిదే రాయరాదన్న నియమం వినాయకుడికి ఉంది. ఇతడికి ఆ నియమం కూడా లేదు.

2. లక్షణం, పదకృత్యం

‘ఆసీనునిచే, లిఖితరూపమున, దూతముఖముగా, మైకుధారికి ప్రేషితమైన గీతాభ్యర్థనము పాటచీటీ’ అని లక్షణం.

‘ఆసీనునిచే’ అనకపోతే, వేదిక దాకా నడిచివెళ్లి గాయకుడి చెవిలో గొణిగేవాడికి అతివ్యాప్తి కలుగుతుంది. వాడు కోరినదీ పాటే, కానీ వాడి శ్వాస వల్ల గాయకుడికి కలిగే సంక్షోభం ఈ శాస్త్ర పరిధిలోది కాదు. ‘లిఖితరూపమున’ అనకపోతే, వెనక వరసలోంచి ‘ఓ మాస్ పాట ఎయ్యి గురూ’ అని అరిచేవాడు లోపలికి వస్తాడు. అతడిని మా సంప్రదాయం నాస్తికుడిగా పరిగణిస్తుంది. అతడికి అప్పుడప్పుడు పాట దక్కడం నాస్తికులకు కూడా వాన కురిసినట్టే. ‘దూతముఖముగా’ అనే పదం కాగితాన్ని ఉండచుట్టి విసిరేవారిని తొలగిస్తుంది.

‘మైకుధారికి’ అన్న విశేషణం అనవసరమని ఒకప్పుడు నేనూ అనుకున్నాను. వంటగదికి సర్వర్ రాసుకుపోయే కేఓటీ కూడా ఆసీనుని కోరికే, లిఖితమే, దూతవాహితమే. ఒక రాత్రి రెండు కాగితాలూ ఒకే జేబులో ప్రయాణం చేసి గమ్యాలు మార్చుకున్నాయి. గాయకుడు కళ్లద్దాలు సవరించుకుని, ‘టేబుల్ నంబర్ 9 నుంచి... అపోలో ఫిష్ ఒకటి, మసాలా పల్లీ రెండు’ అని గంభీరంగా చదివాడు. సభ చప్పట్లు కొట్టింది. వంటగదిలో ఒక వృద్ధుడు ఘంటసాల విషాదగీతం పేరు చదువుకుని, ఎంత వేయించాలో తెలియక, చాలాసేపు నిలబడిపోయాడట. నాటినుంచి ఆ విశేషణం లక్షణంలో స్థిరపడింది.

3. ఉత్పత్తి ప్రకరణం

పాటచీటీ పుట్టుక గురించి మూడు మతాలున్నాయి. (వాల్తేరు రైల్వే కాలనీలో బెంగాల్ నాగపూర్ రైల్వే నాటి ఆంగ్లో ఇండియన్ల డాన్సులతో ముడిపెట్టే నాలుగో మతం ఒకటుంది. అందులో బ్యాండు ఉంది, నృత్యం ఉంది, చీటీ లేదు. వదిలేద్దాం.)

ఆకాశవాణి మతం ప్రకారం చీటీకి మాతృక పోస్టుకార్డు. 1957లో వివిధభారతి, 1963లో విశాఖపట్నం ఆకాశవాణి కేంద్రం వచ్చాయి. పాట కోరుతూ కార్డు రాయడం, పాటకు ముందు కోరినవారి పేర్లు గొలుసుకట్టుగా చదవబడటం, ఆ గొలుసులో తన పేరు వినబడగానే ఇంటిల్లిపాదీ రేడియో చుట్టూ మూగడం ఈ మతానికి దృష్టాంతాలు. నేటి జార్ఖండ్‌లోని జుమ్రీ తలయ్యా అనే ఊరు పాటలు పుట్టించి కాక, కేవలం పాటలు కోరి దేశప్రసిద్ధి పొందింది. ఊరికి ఊరే చీటీగా మారిన ఈ ఉదాహరణను ఖండించడం కష్టం.

నాటక మతం వారు వన్స్‌మోర్‌ను ఆశ్రయిస్తారు. పీసపాటి నరసింహమూర్తిగారు కృష్ణ పాత్రలో పద్యం ముగించీ ముగించకముందే మళ్లీ పాడమని లేచే కేకలే కాలక్రమాన కాగితానికి ఎక్కాయని వీరి సిద్ధాంతం. ఇది నిలవదు. వన్స్‌మోర్ అనుభూతమైన దాన్ని కోరుతుంది, చీటీ స్మృతమైన దాన్ని కోరుతుంది. ఇప్పుడే తిన్న గారె మరొకటి వేయమనడం వేరు, అమ్మమ్మ ఇంట్లో తిన్న గారె కావాలనడం వేరు.

మూడోదైన చదివింపు మతమే మాకు సమ్మతం. ఉత్తరాంధ్రలో తప్పెటగుళ్లు ఆడినా, జముకుల కథ చెప్పినా, గుడి ముందు హరికథ సాగినా, మధ్యలో ఎవరో లేచి రూపాయో పదో అందిస్తారు. కథ ఎంత పట్టుమీద ఉన్నా ఆగుతుంది. ఫలానా వీధి ఫలానావారు చదివించిన మొత్తం, వారి సంతానం వర్ధిల్లాలన్న దీవెన ప్రకటితమవుతాయి. అటుపిమ్మటే లంక తగలబడుతుంది. విజయనగరంలో హరికథకు పట్టం కట్టిన ఆదిభట్ల నారాయణదాసుగారి వంటి దిగ్గజాల ప్రాంతం ఇది. ఇక్కడి శ్రోతకు కథ మధ్యలో తన పేరు ఇమడటం కొత్త కాదు. ఆ రూపాయి కథ కోసం ఇచ్చింది కాదు, పేరు కోసం ఇచ్చింది. పాటచీటీలోనూ పాట పేరు పై వరసలో ఉన్నా, ‘టేబుల్ 6, చిన్నా అండ్ ఫ్రెండ్స్’ అన్న కింది వరసలోనే అక్షరాలు పెద్దవిగా ఉంటాయని పరిశీలకులు గమనించగలరు. కనుక అదృష్టమే అంగి, దృష్టం అంగం.

4. ద్రవ్య ప్రకరణం

చీటీకి ఉపాదాన ద్రవ్యాలు అనేకం ఉన్నా, శిష్టులు అంగీకరించినవి కొన్నే.

(క) బిల్లు పృష్ఠభాగం. ఇది ఉత్తమం. థర్మల్ కాగితానికి పూత ముందువైపే గనుక వెనుక పెన్ను సుఖంగా నడుస్తుంది. అయితే పల్లీల నూనె తగిలితే కాగితం స్ఫటికంలా పారదర్శకమై, వెనకది ముందుకు వస్తుంది. పాట పేరుతో పాటు ఆ టేబుల్ అప్పటిదాకా తాగిన మొత్తాన్ని కూడా గాయకుడు చదివేసిన సందర్భాలున్నాయి. దీన్ని పాత్రౌచిత్య భంగమనవచ్చునా, లేక చదివింపు సంప్రదాయపు పరాకాష్ఠ అనవచ్చునా అన్నది సందేహాస్పదం.

(చ) టిష్యూ. మధ్యమం. సిరా పీల్చుకుని అక్షరాలు ఉబ్బుతాయి; ‘ఇళయరాజా’ అని రాసినది చేరేసరికి మేఘంలా ఉంటుంది. మేఘం సందేశవాహకమని కాళిదాసు ఒప్పుకున్నాడు గనుక దీన్ని పూర్తిగా నిషేధించలేదు.

(ట) ఏటీఎం స్లిప్పు. అధమం. బ్యాలెన్సు కనబడుతుంది.

(త) కరెన్సీ నోటు. నోట్ల మీద రాయవద్దని రిజర్వు బ్యాంకు కోరుతూనే ఉంది కనుక చీటీని నోటు మీద కాక నోటులో చుట్టి పంపడమే సదాచారం. ఈ సదక్షిణ చీటీకీ దక్షిణ లేని చీటీకీ ఉన్న తారతమ్యం గురించి విస్తరించడం అనవసరం. మొదటిది కీబోర్డు మీద ఉంటుంది, రెండోది కీబోర్డు కింద ఉంటుంది. 2016 నవంబరు 8 రాత్రి 500 నోటు చెల్లదని ప్రకటన వచ్చినప్పుడు ఈ వ్యవస్థ తాత్కాలికంగా కుంగింది. కానీ అసలు ధర్మసంకటం ఆ తరువాత క్యూఆర్ కోడు రూపంలో వచ్చింది. ఇప్పుడు దక్షిణ ఫోనులోంచి వెళుతుంది, చీటీ చేతుల్లోంచి వెళుతుంది, రెండూ దారిలో విడిపోతాయి. స్పీకరు పక్కన పెట్టిన సౌండ్ బాక్స్ వంద రూపాయలు అందాయని స్పష్టంగా చెబుతుంది, ఎవరివల్ల అందాయో చెప్పదు. శతాబ్దాల చదివింపు సంప్రదాయంలో మొత్తం మాత్రమే ప్రకటించి పేరు మింగిన మొదటి కంఠం ఇదే. దీన్ని మించిన కలిప్రభావం నాకు తెలియదు.

5. వ్యాఖ్యాన ప్రకరణం

చీటీ భాష విషయంలో గిడుగు రామమూర్తిగారి వ్యావహారికోద్యమం సంపూర్ణ విజయం సాధించింది; లిపి విషయంలో ఆయన ఊహించని మలుపు తిరిగింది. తెలుగు పాటను రోమన్ లిపిలో రాయడం నేటి యువకుల వాడుక. ఆ లిపిలో కల, కళ, కాలా అనే మూడూ ఒకే నాలుగక్షరాల వేషంలో వస్తాయి. నిద్రలో వచ్చేది కోరారో, నేర్చుకుంటే వచ్చేది కోరారో, 2018 నాటి రజనీకాంత్ సినిమా కోరారో తేల్చవలసిన భారం గాయకుడిది. కనుక గాయకుడికి స్వరజ్ఞానం కన్న ముందు మీమాంసా పరిచయం అవసరం.

శ్రుతి, లింగం, వాక్యం, ప్రకరణం, స్థానం, సమాఖ్య అనే ఆరు ప్రమాణాలలో ముందుది బలీయం, వెనుకది దుర్బలం అని జైమిని నిర్ణయం. ఇది యజ్ఞాల కోసం ఏర్పడినా బార్‌లో అక్షరం పొల్లుపోకుండా వర్తిస్తుంది. సినిమా పేరు, సంవత్సరం, పల్లవి అన్నీ ఉన్న చీటీ శ్రుతి. ‘మనసు పాట’ అని మాత్రమే ఉన్నది లింగం. మనసుకవి అని పేరు పొందిన ఆత్రేయ ఒక్కరి పాటలు తీసినా ఆ లింగానికి ఒక రాత్రి చాలదు. ‘మనసు పాట, స్లోగా, ఏడుపొచ్చేలాగ’ అని పక్కపదాలు తోడైతే వాక్యం. టేబుల్ మీద కేకు ఉంటే అది ప్రకరణం. అదే చీటీ, గోడవారగా ఒంటరిగా కూర్చుని గత శనివారం కూడా ఇదే అడిగిన పెద్దమనిషి దగ్గరనుంచి వస్తే అది స్థానం. ఇక ‘బాలు హిట్ ఒకటి’ అని ఉంటే కేవల సమాఖ్య. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యంగారు పాడిన పాటల రాశిలో దేన్ని పాడినా విధి చెల్లుతుంది. అందుకే ఇది దుర్బల ప్రమాణం, అందుకే బృందానికి అత్యంత ప్రియమైన ప్రమాణం కూడా.

ప్రకరణానికీ స్థానానికీ విరోధం వచ్చినప్పుడు, అనగా కేకు ఉన్న టేబుల్‌లోనే కన్నీటి పాట కోరే పెద్దమనిషి కూడా ఉన్నప్పుడు, జైమిని ప్రకారం కేకుదే గెలుపు. ఈ నియమాన్ని ఉల్లంఘించిన ఒక రాత్రి కొవ్వొత్తి దానంతటదే కొండెక్కింది.

శ్రుతికి కూడా ఒక అపవాదం ఉంది. ‘ప్రాక్టీసు లేదు సార్.’ ఇది అన్ని ప్రమాణాలనూ బాధిస్తుంది.

6. శాఖా భేదాలు

ఉక్కు శాఖ గాజువాక, కూర్మన్నపాలెం ప్రాంతాలలో ప్రబలం. అక్కడి ఉక్కు కర్మాగారంలో గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్న మూడు బ్లాస్ట్ ఫర్నేసులు రాత్రీ పగలూ ఆరకూడదు. ఆరకుండా చూసేవారు ఎ, బి, సి షిఫ్టుల్లో వస్తూ పోతూ, తరువాత వచ్చేవారికి తెలిసేలా లాగ్‌బుక్కులో రాసిపెట్టే అలవాటులో పండిపోయినవారు. కనుక ఈ శాఖ చీటీలో శేషించేదేమీ ఉండదు: ‘20.40 గం. టేబుల్ 6. మరోచరిత్ర, 1978. సంగీతం ఎమ్మెస్ విశ్వనాథన్. బాలు. రెండు చరణాలూ పాడవలెను.’ కింద పొట్టి సంతకం. రెండు చరణాలూ అన్న షరతు ఈ శాఖ చేసిన మహోపకారం. ఒక చరణం మింగి ‘థాంక్యూ’ అనే బృందాలను అదుపులో పెట్టినది ఈ పంక్తి ఒక్కటే. పైగా ‘మరోచరిత్ర’ విశాఖ తీరాన తీసిన సినిమా కనుక ఆ చీటీని తిరస్కరించే ధైర్యం ఊళ్లో ఏ కీబోర్డుకూ లేదు.

రేవు శాఖ పాత పోస్టాఫీసు, కాన్వెంట్ జంక్షన్ వైపుది. 1933లో పోర్టు ప్రారంభమైన నాటినుంచి ఓడలు వచ్చే వరస చూసినవారి వారసత్వం. వీరికి పాట కన్న వరస ముఖ్యం. ఓడ సముద్రంలో లంగరు వేసి బెర్తు కోసం కాచుకున్నట్టే చీటీ కూడా ముందు కీబోర్డు అంచున నిలవాలి, పిమ్మట లోపలికి రావాలి అని వీరి సిద్ధాంతం. బెర్తు ఖాళీ లేకుండా సరుకు దిగదని తెలుసు గనుక వీరు ఎప్పుడూ తొందరపెట్టరు. కానీ తమ తరువాత వచ్చిన ఓడ ముందు జెట్టీకి చేరిందా, టేబుల్ అంతా లేచి నిలబడుతుంది. వీరిలో ఒకరు టాలీ క్లర్కులా అగ్గిపెట్టె మీద నాలుగు నిలువు గీతలు, ఒక అడ్డగీత చొప్పున పాడిన చీటీలు లెక్క వేస్తుంటారు. రాత్రి చివర ఆ లెక్క బృందం లెక్కతో ఎన్నడూ కలవదు. ఓడల విషయంలోనూ ఇంతేనని వారే అంటారు.

తీర శాఖ బీచ్ రోడ్డు, సిరిపురం, ఎంవీపీ కాలనీ యువకులది. వీరు కాగితాన్ని విసర్జించి, ఫోను తెర మీద పెద్దక్షరాలు వెలిగించి పైకెత్తుతారు. ఇది చీటీయా కాదా అన్న ప్రశ్నకు, లక్షణంలో దూత ఉన్నాడు కనుక కాదని సమాధానం. వీరు కోరేవి ప్రధానంగా ఆంగ్ల గీతాలు. అందులో ఈగల్స్ వారి 1976 నాటి ‘హోటల్ కాలిఫోర్నియా’ నిత్యకర్మ వంటిది. ఆరున్నర నిమిషాల ఆ గీతంలో చివరి రెండు నిమిషాలూ గిటార్లే. గాయకుడికి మంచినీళ్లు తాగే వ్యవధి, గిటారిస్టుకు వారమంతా దాచుకున్న విద్య ప్రదర్శించే వ్యవధి. ఆ ఆరున్నర నిమిషాల్లో ఒకటిన్నర తెలుగు పాట పడుతుందని ఉక్కు శాఖ లెక్క కట్టి అభ్యంతరం చెప్పింది. తెలుగు పాట అయితే గిటారిస్టుకు నాలుగు బిట్లే దక్కుతాయని తీర శాఖ ప్రత్యుత్తరం. న్యాయంగా చెప్పాలంటే గిటారిస్టు మనసా తీర శాఖీయుడు, జీతం రీత్యా ఉక్కు శాఖీయుడు.

7. దూత ప్రకరణం

కౌటిల్యుడు దూతలను నిసృష్టార్థుడు, పరిమితార్థుడు, శాసనహరుడు అని మూడు తెగలుగా విభజించాడు. బార్ సర్వర్ల వర్గీకరణకు ఇంతకు మించిన ఆధారం ఇంకొకటి దొరకదు.

శాసనహరుడు చీటీని మడత విప్పకుండా చేర్చి తిరిగివస్తాడు. కొత్తగా చేరినవాడు. పరిమితార్థుడు చీటీ ఇచ్చి, టేబుల్ ఎలాంటిదో ఒక్క మాటలో చెబుతాడు. ఆ మాట టిప్పును బట్టి మారుతుంది. నిసృష్టార్థుడికి సర్వాధికారాలూ ఉంటాయి. ఇతడు చీటీ చదివి, పెదవి విరిచి, ‘ఇది రెండు సార్లు అయిపోయింది సార్, వేరేది రాయండి’ అని టేబుల్ దగ్గరే సంధి కుదురుస్తాడు. ఆరో టేబుల్ కోరిన పాటనే తొమ్మిదో టేబుల్ పేరున చదివించి, ఒకే గీతంతో ఇద్దరి దగ్గరా యశస్సు పొందుతాడు. అవసరమైతే చీటీని అసలు చేర్చకుండానే ‘ఇచ్చేసేను సార్, తరవాత మీదే’ అంటాడు. ఈ చివరి వాక్యం అసత్యమని కొందరు పామరులు అపోహపడతారు. ‘తరవాత’ అన్న శబ్దానికి అవధి చెప్పలేదు గనుక అది అసత్యం కాజాలదు.

8. కాలం, సిద్ధి

నాట్యశాస్త్రంలో భరతుడు ప్రదర్శన సిద్ధిని మానుషి, దైవికి అని రెండుగా చెప్పాడు. ప్రేక్షకుడు నవ్వడం, సాధువాదాలు పలకడం, ఒళ్లు పులకరించడం, పైవస్త్రాలూ ఉంగరాలూ విసరడం మొదటిది. రంగం నిండి ఉండీ, శబ్దమూ క్షోభమూ ఉత్పాతమూ లేకపోవడం రెండోది. బార్‌లో మానుషీ సిద్ధి సులభం. ఉంగరం బదులు సీసా మూత, పైవస్త్రం బదులు కర్చీఫు. దైవికీ సిద్ధి దుర్లభం, ఎందుకంటే వంటగదిలో గ్రైండరు ఆగదు.

ఘాతాలను కూడా భరతుడు విభజించాడు. గాలి, వాన వంటి దైవఘాతాలకు విశాఖ శ్రోత అలవాటుపడినవాడు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ముందు నిలిచినవాడిని కరెంటు పోయిన పది నిమిషాలు కదిలించలేవు. ఈ శాస్త్రానికి అసలు ఘాతం గడియారం. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి పదినుంచి ఉదయం ఆరు దాకా లౌడ్‌స్పీకరు నిషిద్ధం. మూసిన మందిరాలలో లోపలి వినికిడికి మినహాయింపు ఉందనీ, బార్ మందిరమేననీ ఒక లాయరుగారు మూడో పెగ్గు దగ్గర వాదించారు. కానీ ఇక్కడి బార్ మేడ మీద, సగం రేకులు, సగం ఆకాశం. సముద్రపు గాలికి తెరిచిన చోటును మూసినదనడానికి ఆయనకే నోరు రాలేదు. కనుక పది కొట్టేసరికి మైకు ఆగుతుంది.

ఇక్కడే శాస్త్రంలోని అతి కఠినమైన సమస్య తలెత్తుతుంది. బి షిఫ్టు ముగిసేది కూడా రాత్రి పదికే. మధ్యాహ్నం రెండింటికి లోపలికి వెళ్లినవాడు గేటు దాటి, బండి తీసి, గాజువాక చేరి, మెట్లెక్కేసరికి స్పీకర్ల మీద గుడ్డలు కప్పి ఉంటాయి. అతడికి అధికారం ఉంది, కాగితం ఉంది, దూత ఉన్నాడు, మైకుధారి లేడు. లక్షణంలోని ఒక పదం లోపించిన ఈ చీటీ చీటీయేనా?

ఒక శనివారం నేను స్వయంగా పరిశీలించినది ఇది. ఇద్దరు వచ్చారు. హెల్మెట్లు కుర్చీల కింద పెట్టారు. చీటీ ఉక్కు శాఖ పద్ధతిలో ఉంది: 22.45 గం., టేబుల్ 6, సినిమా, సంవత్సరం, రెండు చరణాలూ పాడవలెను, సంతకం. పేరు లేదు. దూత శాసనహరుడు, కొత్త కుర్రాడు. మైకు లేదన్న సంగతి పట్టించుకోక యథావిధిగా తీసుకెళ్లి కీబోర్డు ఉండవలసిన చోట నిలబడ్డాడు. కీబోర్డు అప్పటికే సంచిలో ఉంది. ఫీమేల్ సింగర్ వాళ్ల నాన్నతో వెళ్లిపోయింది. మేల్ సింగర్ కేబులు మోచేతికి చుట్టుకుంటున్నాడు. చీటీ చదివాడు, జేబులో పెట్టుకున్నాడు, కేబులు చుట్టడం ఆపలేదు. చుడుతూనే, మైకు లేకుండా, స్కేలు ఏదో తనకే తెలియకుండా, పల్లవి అందుకున్నాడు. ప్యాడ్ కుర్రాడు ఖాళీ సోడా కేసు మీద వేళ్లతో తాళం వేశాడు. రెండు చరణాలూ అయ్యాయి, కేబులు కూడా అయింది.

ఇది చీటీ ఫలమా? విధి జరిగింది గనుక ఫలమేనని ఉక్కు శాఖ. పేరు ప్రకటితం కాలేదు గనుక టాలీలో గీత వేయబోమని రేవు శాఖ. వీడియో లేదు గనుక చర్చే అనవసరమని తీర శాఖ. చదివింపు మతాన్ని సిద్ధాంతంగా నిలిపినవాణ్ని కనుక నేను రేవు శాఖతో ఏకీభవించాలి. అడగవలసిన పేరు అడగనివాడు, చదవవలసిన పేరు చదవనివాడు కలిసి చేసిన కర్మకు అదృష్టప్రయోజనం శూన్యం. అంగి లేనిచోట అంగం నిలవదు. అయితే భరతుడి కొలతలో చూస్తే శబ్దం లేదు, క్షోభం లేదు, ఆ వేళకు గ్రైండరు కూడా ఆగింది. రంగం నిండుగా లేదన్నది ఒక్కటే లోపం. దైవికీ సిద్ధిలో మూడు పాళ్లు పడినట్టే. రెండు శాస్త్రాలూ ఈ విధంగా పరస్పరం విరోధించినప్పుడు ఏది బలీయమో జైమిని చెప్పలేదు.

గాయకుడు వెళుతూ వెళుతూ చీటీని కౌంటరు మీద వదిలేశాడు. కొత్త కుర్రాడు దాన్ని తిప్పి, వెనకవైపు ఆరో టేబుల్ లెక్క రాశాడు: సోడా రెండు, పల్లీ ఒకటి, ఎగ్ బుర్జీ ఒకటి.